సమాధానం: 40 మీటర్ల డైపోల్‌కి ఎస్‌డబ్ల్యూఆర్ తగ్గడం లేదు
డాబా మీద కట్టిన డైపోల్ (రెండు సమానమైన తీగల యాంటెన్నా; 40 మీటర్లు అనేది 7 మెగాహెర్ట్జ్ హ్యామ్ రేడియో బ్యాండ్ పేరు, తీగ పొడవు కాదు) 6.9 మెగాహెర్ట్జ్ దగ్గర బాగుంది, 7.1 దగ్గర ఎస్‌డబ్ల్యూఆర్ (యాంటెన్నా నుంచి శక్తి ఎంత వెనక్కి వస్తోందో చూపే సంఖ్య, 1కి దగ్గరగా ఉంటే మంచిది) 3 దాటుతోంది అన్నారు కదా, రేడియో పాడైందని టెన్షన్ పడకండి, తీగ పొడవు ఎక్కువైంది అంతే. 143ని మెగాహెర్ట్జ్‌తో భాగిస్తే మొత్తం పొడవు మీటర్లలో వస్తుంది, 6.9కి 20.7, 7.1కి 20.1, అంటే ఒక్కో వైపు సుమారు 30 సెంటీమీటర్లు తగ్గాలి. కానీ అప్పుడే కత్తిరించకండి! చివర్లు వెనక్కి మడిచి అదే తీగకు బిగుతుగా చుట్టండి, రెండు వైపులా సమానంగా, ఎందుకంటే పక్కన ఇనుప చువ్వలో నీళ్ల పైపులో ఉంటే లెక్క కాస్త అటూఇటూ అవుతుంది, మడత అయితే మళ్లీ విప్పుకోవచ్చు. ఎస్‌డబ్ల్యూఆర్‌ని తీగ కట్టిన ఎత్తులోనే కొలవండి, కింద పెట్టి కాదు. ఇంకొకటి, ప్రసారం చేసేటప్పుడు ఆ చివర్ల దగ్గర వోల్టేజీ చాలా ఎక్కువ, పిల్లలకు అందకుండా చూడండి.