గట్టి పార్టీని (నిజంగా ఫ్లాట్ కొనేవాళ్లని) ఎలా గుర్తుపట్టాలి

అల్లుడూ,

మొన్న ఫోన్‌లో నీ గొంతు విన్నప్పటి నుంచి మనసు మనసులో లేదు. మూడు నెలల్లో నలభై మందికి ఫ్లాట్లు చూపించాను మామయ్యా, ఒక్క బేరమూ కుదరలేదు, ఈ పని నాకు చేతకాదేమో అన్నావు. చేతకాకపోవడమేమీ లేదు. హైదరాబాద్‌లో నువ్వు తిరుగుతున్న మియాపూర్, నిజాంపేట, బాచుపల్లి రోడ్లలోనే నేనూ ఇరవై రెండేళ్లు తిరిగాను. 2017లో మియాపూర్‌కి మెట్రో రాకముందు ఆ రోడ్లు ఎలా ఉండేవో నాకు తెలుసు. ఫోన్‌లో చెబితే సగం మర్చిపోతావని కూర్చుని రాస్తున్నాను.

ఫ్లాట్ చూసి ఎవరి ముఖం వెలిగితే వాళ్లు కొంటారని నువ్వు అనుకుంటున్నావు. బాల్కనీలోకి ఎండ పడుతుంటే ఎవరి ముఖమైనా వెలుగుతుంది. నువ్వు కనిపెట్టాల్సింది వేరే ఉంది. ఈ ఇంటి కోసం ఆ మనిషి తనంతట తాను ఏదైనా పని మొదలుపెట్టాడా? బ్యాంకుకి వెళ్లాడా, ఇంట్లో మాట్లాడాడా, సెలవు పెట్టుకుని వచ్చాడా? ఎవరినైనా దాంతోనే అంచనా వేయి.

ముందు డబ్బు సంగతి. బడ్జెట్ ఎంత అని అందరినీ అడుగుతావు, వాళ్లూ 80 లక్షలని చెబుతారు. ఆ అంకె వల్ల నీకు తెలిసేదేమీ లేదు. 80 లక్షల ఫ్లాటుకి బ్యాంకు ఇచ్చేది మహా అయితే 80 శాతం, అంటే 64 లక్షలు. అదీ జీతం, సిబిల్ స్కోరు (పాత అప్పులు సరిగ్గా కట్టారా అని చూపే మార్కులు) బాగుంటేనే. మిగతా 16 లక్షలు సొంతంగా పెట్టుకోవాలి. స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ కలిపి ఏడున్నర శాతం, అంటే ఇంకో 6 లక్షలు. దీనికి బ్యాంకు లోన్ లెక్క వేయదు. ఓసీ (కట్టడం పూర్తయింది, కాపురం ఉండొచ్చని ఇచ్చే కాగితం) వచ్చిన ఫ్లాటైతే జీఎస్టీ ఉండదు. ఇంకా కడుతున్నదైతే 5 శాతం చొప్పున మరో 4 లక్షలు. కబోర్డులు, ఫ్యాన్లు, గృహప్రవేశం మొదలుపెట్టకముందే 22 నుంచి 26 లక్షలు చేతిలో ఉండాలన్నమాట. ఈ లెక్క వాళ్ల ముందే కాగితం మీద వేసి, "ఇది ఎక్కడి నుంచి సర్దుతారండీ?" అని మర్యాదగా అడుగు. కొనేవాళ్లు తడుముకోరు. చిట్టీ పాడాం, ఎఫ్‌డీ ఫలానా నెలలో అయిపోతుంది, పీఎఫ్‌లో కొంత తీస్తాం అంటారు. యాభై లక్షలు దాటితే ధరలోంచి 1 శాతం పట్టుకుని టీడీఎస్ పన్ను మేమే కట్టాలట కదా అని ఎవరైనా వాళ్లంతట వాళ్లే అడిగారనుకో, ఆ రోజు మిగతా పనులు మానుకుని వాళ్లతోనే ఉండు.

ఊళ్లో రెండెకరాలు అమ్మి కొంటాం అనే వాళ్లు కూడా వస్తారు. వాళ్లని టైంపాస్ అనకు. నాకు బాధ కలిగే మాట అది. వాళ్లకి కోరిక నిజంగానే ఉంటుంది, డబ్బే ఇంకా చేతికి రాలేదు. పొలానికి బయానా వచ్చిందా అని అడుగు. రాకపోతే నంబరు రాసిపెట్టుకుని నెలకోసారి పలకరించు. టోకెన్ (ఫ్లాట్ తమకే ఉంచమని ముందుగా ఇచ్చే డబ్బు) కోసం మాత్రం తొందరపెట్టకు.

అది నేను చేసిన తప్పు. ఒక దసరాకి ఒక అబ్బాయి ఒక్కడే వచ్చి ఫ్లాట్ చూశాడు, చాలా నచ్చిందన్నాడు. పండగ రోజు మంచిదని చెప్పి అప్పటికప్పుడు లక్ష రూపాయల టోకెన్ ఇప్పించాను. భార్య చూడలేదు, లోన్ సంగతి అడగలేదు. ఆమె వచ్చి చూసి, తన ఆఫీసు ఊరి ఆ చివర, రోజూ రాను పోను మూడు గంటలంది. బిల్డర్ టోకెన్ తిరిగివ్వనన్నాడు. ఆ అబ్బాయి నా ఎదురుగా కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. ఆ లక్షలో సగం నా జేబులోంచి ఇచ్చాను, మిగతా సగం వాడికి పోయినట్టే. ఇంట్లో నిర్ణయం చేసేవాళ్లు చూడకుండా ఆ తర్వాత ఎవరి దగ్గరా టోకెన్ ముట్టుకోలేదు.

అందుకే రెండోసారి ఎవరితో వస్తారో గమనించు. మొదటిసారి అందరూ ఆదివారం సాయంత్రం వస్తారు. కొనేవాళ్లు రెండోసారి అత్తగారినో, అన్ననో, సొంత ఖర్చుతో వాస్తు సిద్ధాంతినో వెంటబెట్టుకుని వస్తారు. ఒకాయన సోమవారం పొద్దున ఏడున్నరకే వచ్చి గేటు దగ్గర నిలబడ్డాడు, స్కూలు బస్సు ఎక్కడ ఆగుతుందో చూడాలని. ఇంకొకావిడ జోరు వానలో ఫోన్ చేసి, సెల్లార్‌లోకి నీళ్లు వస్తున్నాయా, ఇప్పుడే చూసి చెప్పండి అంది. ఇద్దరూ కొన్నారు. మంజీరా నల్లా నీళ్లు వస్తాయా, ఎండాకాలంలో ట్యాంకర్లు ఎన్ని వేయిస్తారు, మెయింటెనెన్స్ ఎంత, మన వాటాకి స్థలం ఎన్ని గజాలు, లింక్ డాక్యుమెంట్లు (పాత యజమానుల కాగితాలు), ఈసీ (ఆస్తి మీద అప్పులు, లావాదేవీలు చూపే కాగితం) ఇస్తారా అని సతాయించేవాళ్లని చూసి విసుక్కోకు. తప్పులు వెతికేవాళ్లు మనసులో అప్పటికే ఆ ఇంట్లో కాపురం పెట్టేసి ఉంటారు. అంతా సూపర్ అండీ అని ఒక్క ప్రశ్న అడగకుండా వెళ్లినవాళ్లు తిరిగి రావడం నేను పెద్దగా చూడలేదు.

ఆషాఢం వెళ్లనీ అంటే నమ్ము, మనవాళ్లలో అది మామూలే. శ్రావణంలో ఫలానా తేదీ అని ముహూర్తం చెబితే ఇంకా నమ్ము. ఆషాఢం పోయి దసరా, దసరా పోయి సంక్రాంతి అంటున్నారంటే ఫోన్లు తగ్గించు.

అమెరికా నుంచి రాత్రి పదకొండుకి ఫోన్ చేసేవాళ్ల విషయంలో, ఇక్కడ వాళ్ల తరఫున ఎవరు వచ్చి చూస్తారో అడుగు. నాన్న పేరు మీద జీపీఏ (తమ తరఫున సంతకాలు చేసే అధికారపత్రం) రాయించి పంపుతున్నామన్నారంటే పని మొదలైనట్టే. ఆ కాగితం ఇక్కడికి చేరిన మూడు నెలల్లోగా స్టాంపు వేయించాలని గుర్తుచెయ్యి, చాలామందికి తెలియదు.

ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతున్నాను. వాళ్ల నిజాయితీ చూసే ముందు నీ కాగితాలు సరిగ్గా పెట్టుకో. రెరాలో (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థలో) ఏజెంటుగా నీ రిజిస్ట్రేషన్ అయిందా? రెరా నంబరు లేని ప్రీలాంచ్ ఫ్లాట్లు ఎంత కమీషన్ ఇస్తామన్నా చూపించకు, చట్టం ప్రకారం అది తప్పు. అగ్రిమెంట్ రిజిస్టర్ కాకుండా పది శాతానికి మించి కట్టొద్దని నువ్వే ముందు చెప్పు. ఆ రూల్ తెలిసినవాళ్లు నీ ముఖంలోకి ఒకసారి చూస్తారు. ఆ తర్వాత అసలు విషయాలన్నీ నీతో మాట్లాడతారు.

ఈ ఆదివారం ప్రగతినగర్ నుంచి వచ్చే కుటుంబం రెండోసారి వస్తున్నారన్నావు కదా. వాళ్ల అమ్మగారికి మోకాళ్ల నొప్పులని కూడా చెప్పావు. లిఫ్ట్ పనిచేస్తోందో లేదో శనివారమే చూసుకో, ఫ్లాట్‌లో ఒక కుర్చీ వేయించు. ఆమె కూర్చున్నాక నువ్వు కాసేపు బయటికి వెళ్లు, వాళ్లని మాట్లాడుకోనివ్వు. సాయంత్రం నాకు ఫోన్ చెయ్యి.

మీ మామయ్య