కంపోస్ట్ తొట్టి కంపుకు మందు ఎండుటాకులే

అపార్ట్‌మెంట్ కంపోస్ట్ తొట్టి కంపు కొడుతోందని, పురుగులు చూసి పక్క ఫ్లాట్ల వాళ్లు గొడవ పెడుతున్నారని రాశారు కదండీ. టెన్షన్ పడకండి, తడి ఎక్కువైంది, అంతే. మిగిలిన సాంబారు కూడా అందులోనే పోస్తున్నట్టున్నారు! గాలి ఆడక కుళ్లుతోంది.

ఇవాళే మొత్తం తిరగేసి ఎండుటాకులో, రంపపు పొట్టో కలపండి. ఇకపై బకెట్ తడి చెత్తకు రెండు బకెట్ల ఎండుటాకులు వేయండి. గుప్పిట్లో పట్టి పిండితే చెయ్యి చెమ్మగిల్లాలి గానీ నీళ్లు కారకూడదు. ఆ తెల్ల పురుగులు ఈగల పిల్లలే, ఎరువును పాడుచేయవు. పైన పొడి ఆకులు దట్టంగా కప్పితే ఈగలు గుడ్లు పెట్టడం తగ్గుతుంది. ఎరువు త్వరగా తయారవ్వాలని కొందరు పుల్ల మజ్జిగ చల్లమంటారు, అది తర్వాత సంగతి. ముందు ఆకులు. రోడ్లు ఊడ్చేవాళ్లు తగలబెట్టేలోపే అడిగి బస్తాల్లో నింపుకోండి.