చెవి నరం మీద 18 మి.మీ. గడ్డ: గామా నైఫ్‌కి ఒప్పుకునే ముందు ఏం అడగాలి?

మీరు అడిగింది ఇది: అత్తగారికి 61 ఏళ్ళు, కుడి చెవి రెండేళ్ళుగా సరిగ్గా వినపడటం లేదు. ఎమ్మారైలో 18 మి.మీ. వెస్టిబ్యులర్ ష్వానోమా (చెవి నరం మీద పెరిగే, క్యాన్సర్ కాని గడ్డ) బయటపడింది. ఒక సర్జన్ ఆపరేషన్ చేసి తీసేద్దామంటే ఇంకొకరు గామా నైఫ్ (కోత లేకుండా గడ్డ మీదికే రేడియేషన్‌ను గురిపెట్టే చికిత్స) చాలన్నారు. రేడియేషన్‌తో గడ్డ పోతుందా, డాక్టర్లను ఏమడగాలి అని. రేడియేషన్ ప్లాన్లు వేయడం నా ఉద్యోగం కాబట్టి ఆ వైపు నుంచి చెప్తాను. చివరి మాట మాత్రం ఆవిడను పరీక్షించిన డాక్టర్లదే.

గడ్డ పోదు, పెరగడం ఆగుతుంది. కణాల డీఎన్ఏ దెబ్బతిని అవి మళ్ళీ విభజన చెందలేవు, గడ్డకు రక్తం తెచ్చే సన్నటి నాళాలు మెల్లగా మూసుకుపోతాయి. కొన్నేళ్ళలో చాలామందికి కాస్త కుంచించుకుపోతుంది, కొందరికి ఉన్నంతే ఉండిపోతుంది. రెండూ మంచి ఫలితాలే. పదేళ్ళ తర్వాత చూసినా నూటికి 90 మందికి పైగా దీనికి మళ్ళీ చికిత్స అవసరం పడదు. పోయిన వినికిడి మాత్రం తిరిగి రాదు. చెవిలో హోరు, తూలు తగ్గుతాయని కూడా ఎవరూ హామీ ఇవ్వలేరు. ఇంట్లో అందరికీ ఇది ముందే తెలియాలి, లేకపోతే ఆర్నెల్ల తర్వాత స్కాన్ చూసి "ఇంత ఖర్చు పెట్టినా గడ్డ అలాగే ఉందే" అని కూర్చుంటారు.

మీకు ఎవరూ చెప్పని మూడో దారి ఒకటుంది. ఏమీ చేయకుండా ఆర్నెల్లకోసారి, తర్వాత ఏడాదికోసారి స్కాన్ తీస్తూ కనిపెట్టుకుని ఉండటం. నార్వేలో 100 మంది మీద చేసిన పరిశీలన 2023లో వచ్చింది. మీ అత్తగారి లాంటి చిన్న, మధ్యస్థ గడ్డలే. సగం మందికి వెంటనే రేడియోసర్జరీ (గామా నైఫ్ లాంటి గురిపెట్టిన రేడియేషన్) చేశారు, మిగతా సగాన్ని గమనిస్తూ ఉన్నారు. నాలుగేళ్ళ తర్వాత గమనించిన 50 మందిలో 28 మందికి ఏ చికిత్సా అవసరం పడలేదు. వెంటనే చేసినవాళ్ళలో గడ్డలు బాగా తగ్గాయి గానీ, వినికిడిలో రెండు గుంపులకీ చెప్పుకోదగ్గ తేడా లేదు. కాబట్టి పాత స్కాన్ ఏదైనా ఉంటే వెతికి తీయండి. గడ్డ పెరుగుతోందా లేదా అన్నది తెలిస్తే సగం నిర్ణయం అయిపోయినట్టే.

ఆపరేషనే మేలైన సందర్భాలూ ఉన్నాయి. గడ్డ 3 సెం.మీ. దాటినా, మెదడు కాండాన్ని గట్టిగా నొక్కుతున్నా, మెదడులో నీరు చేరినా రేడియేషన్ కోసం కూర్చోకూడదు. ఎందుకంటే దాని పని నెలల మీద సాగుతుంది, నొక్కుడు ఇవాళే తగ్గాలి. 18 మి.మీ. ఆ హద్దుకు దూరంగానే ఉంది. గడ్డ పెద్దదైతే కొంత తీసేసి, ముఖం నరానికి అంటుకున్న ముక్కను వదిలేసి, దానికి తర్వాత రేడియేషన్ ఇచ్చే పద్ధతీ ఉంది.

ఇక డోసు. ఒక్క సిట్టింగ్‌లో అయితే గడ్డ అంచుకు 12 నుంచి 13 గ్రే (రేడియేషన్‌ను కొలిచే యూనిట్) ఇస్తారు. ఒకప్పుడు 16, 18 ఇచ్చేవారు, ముఖం నరం దెబ్బతినడం ఎక్కువగా ఉండేది. ఈ డోసుకు దిగాక అది నూటికి ఒకరిద్దరికి మించడం లేదు. గామా నైఫ్‌లో ప్లాన్ మామూలుగా 50 శాతం గీత మీద వేస్తారు, అంటే అంచున 12 ఉంటే నడిమధ్యన 24 పడుతుంది. లీనియర్ యాక్సిలరేటర్ (కోబాల్ట్ లేకుండా కరెంటుతో రేడియేషన్ పుట్టించే మెషిన్) మీద చేసేచోట 80 శాతం గీతకు ఇవ్వడం మామూలు, అక్కడ నడిమధ్య 15 దగ్గరే ఉంటుంది. అందుకే రెండు ఆసుపత్రుల కాగితాలు పోల్చేటప్పుడు "అంచు డోసు ఎంత, ఏ శాతం గీతకు" అని అడగాలి, ఉత్త గ్రే అంకె చూస్తే తికమక పడతారు. మూడు రోజుల్లో 18, ఐదు రోజుల్లో 25 గ్రే కూడా వాడుకలో ఉన్నవే. రోజుల మీద విడదీసి ఇస్తారు కాబట్టి మొత్తం అంకె పెద్దదిగా కనిపిస్తుంది, డోసు ఎక్కువైపోయిందని కంగారు పడకండి.

అడగాల్సిన రెండో అంకె కాక్లియాది, అంటే లోపలి చెవిలో శబ్దాన్ని పట్టే భాగానిది. ప్లాన్ తెరమీద అది శనగగింజంత ఉంటుంది, గడ్డ లోపలి కొసకు ఆనుకునే ఉంటుంది. దాని సగటు డోసు 4 గ్రే లోపు ఉంచాలని చూస్తాం. గడ్డ లోపలి చెవి కాలువ (నరం వెళ్ళే ఎముక దారి) చివరిదాకా పాకితే అది కుదరదు. గడ్డ కొసకు డోసు తగ్గిస్తే అక్కడి నుంచే మళ్ళీ పెరగొచ్చు, తగ్గించకపోతే మిగిలిన వినికిడి త్వరగా పోతుంది. కాబట్టి ముందు ఆడియోగ్రామ్ (వినికిడి పరీక్ష) తీయించండి. ఆ చెవితో మాటలు ఇప్పటికే అర్థం కాకపోతే కాక్లియా కోసం రాజీ పడటంలో అర్థం లేదు, గడ్డ మొత్తాన్ని కప్పమనాలి.

గామా నైఫ్ చేసే రోజు ఏం జరుగుతుందంటే, ముందు తల కదలకుండా పట్టే ఫ్రేము. నుదుటి మీద రెండు, వెనక రెండు చోట్ల మత్తు ఇంజెక్షన్లు ఇచ్చి నాలుగు పిన్నులు బిగిస్తారు. ఇంజెక్షన్ మంట ఒకటి రెండు నిమిషాలు, తర్వాత పావుగంట తల ఎవరో రెండు చేతులా అదిమినట్టు ఉంటుంది, ఆపైన అలవాటవుతుంది. ఫ్రేముతోనే కాంట్రాస్ట్ (గడ్డ స్పష్టంగా కనపడేలా నరంలోకి ఎక్కించే మందు) ఇచ్చి ఎమ్మారై తీస్తారు, ఒక్కో ముక్క 1 మి.మీ. మందం. అయస్కాంత క్షేత్రం వల్ల ఎమ్మారై బొమ్మ కాస్త వంగే అవకాశం ఉంది, అందుకని చాలాచోట్ల సీటీ కూడా తీసి సరిచూస్తారు. ముందురోజు తలంటు పోయండి, నూనె రాయొద్దు. పుస్తెలతాడుకూ గాజులకూ తగిలించుకున్న పిన్నీసులు ఇంట్లోనే తీసి రండి. ఎమ్మారై గది గుమ్మం దగ్గర ఎక్కువ ఆలస్యం అక్కడే అవుతుంది. రక్తం పలచబరిచే మాత్రలు, షుగర్ మందులు, క్రియాటినిన్ (కిడ్నీ పరీక్ష) రిపోర్టు సంగతి ముందే చెప్పాలి. స్టెరాయిడ్ ఇస్తే షుగర్ ఎగబాకుతుంది. ఫ్రేము బదులు మాస్కుతో చేసేచోట నొప్పి ఉండదు గానీ తల ఒకటిన్నర మి.మీ. కదిలినా మెషిన్ ఆగిపోతుంది. దగ్గు, నడుంనొప్పి ఉన్నవాళ్ళకు ఫ్రేమే సుఖం.

ఎంతసేపు పడుతుందన్నది గామా నైఫ్ మెషిన్‌లో రేడియేషన్ ఇచ్చే కోబాల్ట్ వయసును బట్టి ఉంటుంది. దాని శక్తి సుమారు 5.3 ఏళ్ళకు సగమవుతుంది. అదే ప్లాను కొత్త సోర్సులతో ముప్పావుగంట పడితే ఐదేళ్ళ పాత వాటితో గంటన్నర. డోసు మారదు, పడుకునే సేపే మారుతుంది. జుట్టు ఊడదు. ఒంట్లో రేడియేషన్ మిగలదు, ఇంటికొచ్చి మనవణ్ణి ఎత్తుకోవచ్చు. రెండో రోజు కనురెప్పలు వాస్తాయి, నుదుటి మీద తిమ్మిరి కొన్ని వారాలు ఉండొచ్చు.

అసలు చిక్కు తర్వాత వస్తుంది. ఆరు నెలల నుంచి ఏడాదిన్నర మధ్య గడ్డ ఉబ్బడం మామూలే. మధ్యభాగం కాంట్రాస్ట్ తీసుకోక నల్లగా కనిపిస్తుంది, అంచు కాస్త పెరుగుతుంది. చికిత్స జరిగిన సంగతి తెలియని రేడియాలజిస్టు "సైజు పెరిగింది" అని రాస్తారు, ఇంట్లో ఏడుపులు మొదలవుతాయి, ఎవరో ఆపరేషన్‌కి తేదీ ఇచ్చేస్తారు. రెండు మూడేళ్ళు దాటాక కూడా వరస స్కాన్లలో పెరుగుతూనే ఉంటేనే విఫలమైందని లెక్క. రేడియేషన్ తర్వాత గడ్డ నరానికి అతుక్కుని ఉండటం వల్ల ఆపరేషన్ మరింత కష్టం కూడా. అందుకే డిశ్చార్జి రోజున ప్లానింగ్ స్కాన్, డోసు రిపోర్టు పెన్‌డ్రైవ్‌లో తీసుకోండి. ప్రతి స్కాన్‌నూ ఆ రోజు స్కాన్‌తోనే పోల్చమనండి, జబ్బు బయటపడ్డప్పటి పాత ఫిల్ముతో కాదు.

తలనొప్పి, వాంతులు, నడకలో కొత్తగా తూలడం, మూత్రం ఆపుకోలేకపోవడం మొదలైతే స్కాన్ తేదీ దాకా ఆగొద్దు. గడ్డ నుంచి ప్రోటీన్ చేరి మెదడు నీటి దారి మందగిస్తుంది, గడ్డ పెరగకపోయినా ఇలా జరగొచ్చు. అప్పుడు వెంటనే న్యూరోసర్జన్ దగ్గరికి తీసుకెళ్ళాలి, అవసరమైతే షంట్ (మెదడులో చేరిన నీటిని బయటికి మళ్ళించే సన్నటి గొట్టం) వేస్తారు.