సినిమా లుక్ కోసం ఏ కెమెరా కొనాలి?

ప్రశ్న: మా అబ్బాయి డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాడు. సెలవుల్లో పెళ్లి వీడియోలు తీసే స్టూడియోలో పని నేర్చుకుంటున్నాడు. డిగ్రీ తరువాత సినిమాటోగ్రఫీ వైపు వెళతానంటున్నాడు. తాను తీసే వీడియో ఎంత శుభ్రంగా ఉన్నా సినిమాలా కనిపించడం లేదని, మంచి క్యామ్‌కార్డర్ కొనివ్వమని అడుగుతున్నాడు. లక్ష రూపాయల వరకు పెట్టగలం. ఏది కొనాలి? అది అతని భవిష్యత్తుకు ఉపయోగపడుతుందా? – ఒక తండ్రి, ఏలూరు

జవాబు: మీ అబ్బాయి గమనించిన తేడా నిజంగా ఉంది, అది అతని కంటికి తెలియడం ఈ వృత్తికి మంచి సూచన. అయితే ఆ తేడాలో చాలా భాగం ఇప్పుడు స్టూడియోలో అతని చేతిలో ఉన్న కెమెరాతోనే సరిదిద్దుకోగలిగినది కాబట్టి, లక్ష రూపాయలూ ఒక్క కెమెరాకే పెట్టవద్దని ముందుగానే చెబుతున్నాను.

మొదట కదలిక సంగతి చూద్దాం. సినిమా సెకనుకు 24 ఫ్రేములతో నడుస్తుంది. మన టీవీ అనుసరించిన పాల్ పద్ధతిలో సెకనుకు 25 ఫ్రేములే అయినా, ఒక్కో ఫ్రేమును రెండు సగాలుగా తీయడం వల్ల కదలిక 50 సార్లు నమోదయ్యేది. వార్తల్లోనూ, పాత పెళ్లి క్యాసెట్లలోనూ కనిపించే మరీ నునుపైన కదలికకు కారణం అదే. 2002లో పానసోనిక్ డీవీఎక్స్100 అనే చిన్న క్యామ్‌కార్డర్ సెకనుకు 24 పూర్తి ఫ్రేములు తీయగలగడంతో, తక్కువ ఖర్చుతో సినిమా తీయాలనుకునేవారు దాని వైపు మొగ్గారు. ఇప్పుడు ఆ సౌకర్యం చాలా కెమెరాల్లో ఉంది. మీ అబ్బాయి కెమెరా 50 ఫ్రేముల దగ్గర పెట్టి ఉంటే, దాన్ని సినిమా వేగానికి దగ్గరైన 25కు మార్చి, షట్టర్ స్పీడును (ఒక్కో ఫ్రేముకు వెలుగు పడే సమయాన్ని) సెకనులో 50వ వంతు దగ్గర నిలపమనండి. ఒక్కో ఫ్రేమును దాని వ్యవధిలో సగం సేపు మాత్రమే వెలుగుకు తెరిచి ఉంచడం సినిమా కెమెరాల అలవాటు, నడిచే మనిషి చేతుల్లో కనిపించే ఆ కొద్దిపాటి మసక దాని వల్లే వస్తుంది. మన కరెంటు 50 హెర్ట్జ్ కావడంతో ట్యూబ్‌లైట్ల కింద చారలు, మిణుకులు రాకుండా ఉండటానికి కూడా ఇదే స్పీడు సరిపోతుంది.

ఈ పద్ధతికి చిక్కు పగటి ఎండలో వస్తుంది. ఐఎస్ఓ (వెలుగుకు కెమెరా స్పందించే స్థాయి) 100 దగ్గర, 50వ వంతు షట్టరుతో, నడి ఎండలో సరైన ఎక్స్‌పోజర్ కావాలంటే లెన్సులో వెలుగు వచ్చే రంధ్రాన్ని, అంటే అపర్చర్‌ను, ఎఫ్22 దాకా చిన్నది చేయవలసి వస్తుంది. వెనకనున్నది మసకగా కనిపించేలా రంధ్రాన్ని పెద్దగా తెరిచి ఎఫ్2.8 దగ్గర తీయాలంటే, ఆరు స్టాపుల (ఒక్కో స్టాపుకు వెలుగు సగమవుతుంది) వెలుగును తగ్గించే ఎన్‌డీ 64 అనే బూడిదరంగు ఫిల్టర్ కావాలి. ఆటోలో వదిలేస్తే కెమెరా షట్టర్ స్పీడును పెంచేసుకుంటుంది, ఊరేగింపు దృశ్యం కుదుపులు కుదుపులుగా కనిపించడానికి కారణం చాలాసార్లు అదే. కొంత పెద్ద స్థాయి క్యామ్‌కార్డర్లలో ఎన్‌డీ లోపలే ఉంటుంది, మీ బడ్జెట్‌లోని మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని, లెన్సులు మార్చుకోగల) కెమెరాలకు దాన్ని విడిగా కొనుక్కోవాలి.

అంతకన్నా ముఖ్యమైనది వెలుగు, ఈ విషయాన్ని చాలామంది విద్యార్థులు చివరికి వదిలేస్తారు. ఒక మధ్యాహ్నం ఇంట్లో మీరు కిటికీ పక్కన కూర్చోండి, మీ అబ్బాయిని తీయమనండి. ఆటోలో తీస్తే ముఖం కనిపిస్తుంది కానీ కిటికీ అవతల ఆకాశం తెల్లకాగితంలా అయిపోతుంది. అలా పోయిన వివరాన్ని ఎడిటింగులో ఎవరూ తిరిగి తేలేరు. ఈసారి ఎక్స్‌పోజరును చేత్తో తగ్గించి, బాగా వెలుగున్న చోట్ల చారలు చూపే జీబ్రాను ఆన్ చేసి, ఆకాశంలో ఆ చారలు దాదాపు పోయేవరకు అపర్చర్‌ను చిన్నది చేయమనండి. ముఖం చీకటిగా మారుతుంది. అప్పుడు కిటికీకి ఎదురు వైపు నుంచి ఒక తెల్ల థర్మాకోల్ షీటు పట్టి, వెలుగును ముఖం మీదికి మళ్లించాలి. ఒక చెంప వెలుగులోనూ, రెండోది మెత్తటి నీడలోనూ ఉండి, వెనక గోడ కాస్త చీకట్లోకి జరిగిన ఆ ఫ్రేములో, సినిమా లుక్ అని అతను దేని గురించి అడుగుతున్నాడో మీకూ తెలుస్తుంది. షార్ప్‌నెస్ సెట్టింగును తగ్గిస్తే అంచుల్లో కనిపించే కృత్రిమమైన గీతలు కూడా పోతాయి.

ఇక కొనుగోలు విషయం. హ్యాండీక్యామ్ రకం చిన్న క్యామ్‌కార్డర్లలో సెన్సార్ (వెలుగును చిత్రంగా మార్చే భాగం) చాలా చిన్నది, అనేక మోడళ్లలో వెడల్పు కొన్ని మిల్లీమీటర్లే ఉంటుంది. సినిమాకు వాడే సూపర్ 35 అనే కొలతలో వెడల్పు సుమారు 25 మిల్లీమీటర్లు. సెన్సార్ చిన్నదైనప్పుడు వెనకనున్నదంతా స్పష్టంగానే ఉండిపోతుంది, చీకట్లో గింజల్లాంటి చుక్కలు ఎక్కువగా వస్తాయి. గంటల తరబడి ఆగకుండా తీయడానికి, దూరం నుంచి జూమ్ చేయడానికి, మంచి ఆడియో సాకెట్లకు క్యామ్‌కార్డర్ ఇప్పటికీ మేలు. వార్తా చానెళ్లు, సభలు, పెళ్లిళ్లే అతని లక్ష్యమైతే అదే కొనమని చెప్పేవాణ్ణి. కథ తీయాలన్నది కోరిక కనుక, లెన్సులు మార్చుకోగల ఏపీఎస్-సీ (సూపర్ 35కు దగ్గరి కొలత సెన్సార్ ఉన్న) మిర్రర్‌లెస్ కెమెరా కొనండి. మీ బడ్జెట్‌లో సోనీ జెడ్‌వీ-ఈ10 వంటిది నేర్చుకోవడానికి సరిపోతుంది. అందులో రికార్డింగ్ 8 బిట్, అంటే ఒక్కో రంగుకు 256 మెట్లే, 10 బిట్‌లో అవి 1024. కాబట్టి లాగ్ ప్రొఫైల్‌లో (తరువాత రంగులు దిద్దుకునేందుకు చిత్రాన్ని పేలవంగా నమోదు చేసే సెట్టింగు) తీసి, ఎడిటింగులో రంగులను విపరీతంగా మారిస్తే ఆకాశంలో పట్టీలు పడతాయి. మామూలు ప్రొఫైల్‌లోనే జాగ్రత్తగా తీయడం అతనికి మంచి శిక్షణ అవుతుంది. మిగిలిన డబ్బుతో గట్టి ట్రైపాడ్, ఎన్‌డీ ఫిల్టర్, ఒక మైకు, ఒక ఎల్‌ఈడీ లైటు తీసుకోండి. రంగులు దిద్దడానికి డావిన్చీ రిజాల్వ్ ఉచిత వెర్షన్ చాలు. ఖరీదైన కెమెరా అవసరమైన రోజున హైదరాబాదులో అద్దెకు దొరుకుతుంది, దాన్ని సొంతంగా కొనవలసిన పని లేదు.

చదువు విషయంలో ఒక్క మాట గట్టిగా చెబుతాను: డిగ్రీని మధ్యలో ఆపనివ్వకండి. పుణెలోని ఫిల్మ్ అండ్ టెలివిజన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియా (ఎఫ్‌టీఐఐ)లోనూ, కోల్‌కతాలోని సత్యజిత్ రే ఫిల్మ్ అండ్ టెలివిజన్ ఇన్‌స్టిట్యూట్‌లోనూ సినిమాటోగ్రఫీ మూడేళ్ల కోర్సులో చేరాలంటే డిగ్రీ తప్పనిసరి, ప్రవేశ పరీక్ష కూడా ఉంటుంది. ఈలోగా నెలకొకటి చొప్పున, మాటలు లేకుండా, ఒకే గదిలో, ఒకే లైటుతో రెండు నిమిషాల చిత్రం తీయమనండి. పక్కనే ఒక నోటుపుస్తకం పెట్టుకుని, ప్రతి షాటుకు లెన్సు, అపర్చర్, ఐఎస్ఓ, లైటు ఎటువైపు నుంచి వచ్చిందో రాసుకోవాలి. కోర్సులో సీటు రాక నేరుగా కెమెరా సహాయకుడిగా చేరవలసి వచ్చినా, సినిమాటోగ్రాఫర్ దగ్గరికి వెళ్లినప్పుడు ఆ చిత్రాలతో పాటు ఈ పుస్తకాన్ని కూడా చూపించవచ్చు.