ప్రాథమిక పాఠశాలకి ఏడాది లక్ష్యాలు: శాతాలు పక్కన పెట్టి పిల్లల పేర్లు రాయండి

మేడం, మీరు అడిగింది ఇదీ: కొత్తగా హెచ్‌ఎం (ప్రధానోపాధ్యాయురాలి) బాధ్యత వచ్చింది, ఇద్దరు టీచర్లు, ఐదు తరగతులు, 60కి లోపే పిల్లలు, స్కూల్ కాంప్లెక్స్‌లో (చుట్టుపక్కల బడుల సముదాయం) ఈ ఏడాది పాఠశాల అభివృద్ధి ప్రణాళిక ఇమ్మన్నారు, నిరుటి ఫైల్లో తేదీ మార్చి ఇచ్చేయమని తోటివాళ్ళు అంటున్నారు, అసలు లక్ష్యాలు ఎలా పెట్టుకోవాలి అని.

తేదీ మార్చి ఇచ్చినా నడుస్తుంది. ఎవరూ అడగరు కూడా. కానీ ఆ సలహా విన్నాక కూడా ఇక్కడికొచ్చి అడిగారంటే మీకు కావాల్సింది ఫైలు కాదు, కాబట్టి ఫైలు సంగతి చివర్లో చెప్తాను. నేను ఎస్జీటీగా, అంటే ప్రాథమిక బడి టీచర్‌గా చేరి తర్వాత ఎల్‌ఎఫ్‌ఎల్ హెచ్‌ఎం (ప్రాథమిక పాఠశాల హెచ్‌ఎం) అయ్యాను, సర్వీసంతా ఉమ్మడి ఖమ్మం జిల్లా పల్లెల్లోనే. కింద రాసేదంతా అక్కడి అనుభవమే, టౌన్లో పెద్ద బడి అయితే కొన్ని కుదరకపోవచ్చు.

ముందు ఒక్క మాట. ‘విద్యార్థుల పఠన సామర్థ్యాన్ని 40 శాతం నుంచి 80 శాతానికి పెంచుట’ అనే వాక్యం మీ పాత ఫైల్లో కచ్చితంగా ఉంటుంది, చూడండి. మూడో తరగతిలో 9 మంది ఉన్నారనుకుందాం. 80 శాతం అంటే ఏడుగురూ, ఇంకో పాయింట్ రెండు. ఆ పాయింట్ రెండు పిల్లాడు ఎవరో రాసినవాళ్ళకే తెలియాలి. ఇంతకంటే పెద్ద సమస్య ఏమిటంటే, శాతం రాసిన రోజు నుంచీ అది ఎవరి పనీ కాకుండా పోతుంది. వెనకబడ్డ పిల్లలు ఎవరో, ఎక్కడ ఆగిపోయారో, రేపు పొద్దున వాళ్ళకి మీరు ఏం చేస్తారో ఆ అంకెలో ఎక్కడా లేదు. జిల్లాకి, రాష్ట్రానికి శాతం అవసరమే, వాళ్ళకి లక్షల మంది పిల్లలు. మీకు ఉన్నది 60 మంది లోపే, అందరి పేర్లూ మీకు నోటికి వచ్చు. మీ లక్ష్యాలు పేర్లతోనే రాసుకోండి.

దానికి జూన్ మొదట్లోనే కూర్చోకండి. బడిబాట తిరగడం, కొత్త అడ్మిషన్లు, పుస్తకాలు, యూనిఫాంలు పంచడం, వీటిలోనే జూన్ అయిపోతుంది. జూలై మొదటి వారంలో ఒక్కో పిల్లాణ్ణీ విడిగా పక్కన కూచోబెట్టుకుని చదివించండి. రాత పరీక్ష పెట్టకండి, చూసి రాసేస్తారు, మీకు ఏమీ తెలియదు. అక్షరాలు, పదాలు, చిన్న పేరా, ఓ పది వాక్యాల కథ, ఈ వరసలో పిల్లాడు ఎక్కడ ఆగాడో చూడండి. పాఠ్యపుస్తకంలో పేజీ మాత్రం ఇవ్వకండి. సగం మందికి పాఠాలు కంఠతా వచ్చు, పుస్తకం తలకిందులుగా పట్టుకుని కూడా చదివేస్తారు. వాళ్ళు ఎప్పుడూ చూడని పేజీ ఇవ్వండి.

తెలుగులో పిల్లలు ఆగే చోట్లు దాదాపు ఎప్పుడూ అవే. గుణింతం పాటలా ‘క కా కి కీ’ అని గడగడా చెప్పేవాడు, మధ్యలో ‘కే’ మీద వేలు పెడితే మళ్ళీ ‘క’ నుంచి పాడుకుంటూ వస్తే తప్ప చెప్పలేడు. వాడికి గుణింతం వచ్చినట్టు కాదు. ‘అమ్మ’ చదివేస్తాడు, ఎందుకంటే అది బొమ్మలా గుర్తుండిపోయింది, ‘కొమ్మ’ ఇస్తే ‘కొమ’ అంటాడు. అంటే వత్తు దగ్గర ఆగాడు. ద్విత్వం వచ్చి సంయుక్తం రానివాళ్ళు ఇంకో గుంపు, ‘పువ్వు’ వస్తుంది, ‘పుస్తకం’ దగ్గర తడబడతాడు. ఈ ముగ్గురినీ కలిపి ‘చదవలేనివారు’ అని ఒక గడిలో వేస్తే ముగ్గురికీ అన్యాయమే. లెక్కల్లోనూ అంతే. 52లోంచి 37 తీసేయమంటే 25 అని రాసేవాళ్ళు ప్రతి బడిలో ఉంటారు, పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీసేయడమే తీసివేత అని వాళ్ళ లెక్క. అది తీసివేత సమస్య కాదు, పదులూ ఒకట్లూ అర్థం కాని సమస్య, వాడికి ఇంకో వంద తీసివేతలు ఇచ్చినా మారదు, పుల్లల కట్టలతో మొదలుపెట్టాల్సిందే.

ఇలా చూశాక ఒక నోట్‌బుక్‌లో రాసుకోండి. ఫలానా ముగ్గురు గుణింతం దగ్గర ఉన్నారు, దసరా సెలవులకి ముందు గుణింత పదాలు చదవాలి. ఫలానా ఐదుగురు వత్తుల దగ్గర ఉన్నారు, సంక్రాంతికి పేరా చదవాలి. పక్కన ఇంకో గడి పెట్టి, దానికోసం మేం ఏం చేస్తాం, ఎవరు చేస్తారు, రోజులో ఎప్పుడు చేస్తారు అన్నది రాయండి. నన్నడిగితే ఆ గడే అసలు లక్ష్యం. పిల్లాడు చదువుతాడా లేదా అన్నది పూర్తిగా మన చేతిలో లేదు, రోజూ మొదటి గంట వాడితో కూర్చోవడం మన చేతిలోనే ఉంది.

ఇద్దరు టీచర్లకి ఐదు తరగతులంటే ఎలాగూ అందర్నీ కలిపే కూచోబెడతాం, కాబట్టి ఆ కలపడమేదో తెలివిగా కలపండి. మూడు, నాలుగు, ఐదు తరగతుల పిల్లల్ని ప్రార్థన అయ్యాక మొదటి గంటన్నర తరగతుల వారీగా కాకుండా స్థాయిల వారీగా మా బడిలో విడగొట్టాం. అక్షరాలు, పదాల దగ్గర ఉన్నవాళ్ళు ఒకరి దగ్గర, చదవగలిగినవాళ్ళు కథల పుస్తకాలతో ఇంకో మూల, మధ్యమధ్యలో వెళ్ళి వాళ్ళని చూసుకోవడం. ఒకటి, రెండు తరగతులు రెండో టీచర్ దగ్గర. ఐదో తరగతి పిల్లాణ్ణి మూడో తరగతి పిల్లల పక్కన కూచోబెడితే నామోషీ పడతాడేమో అని మొదట అందరికీ ఉంటుంది. గుంపులకి ‘తక్కువ’, ‘ఎక్కువ’ అని పేరు పెట్టకపోతే, వచ్చినవాణ్ణి వచ్చినట్టు పై గుంపులోకి పంపిస్తూ ఉంటే పిల్లలు రెండు వారాల్లో మర్చిపోతారు. తల్లిదండ్రులకే కాస్త ఎక్కువసార్లు చెప్పాల్సి వస్తుంది.

2021లో వచ్చిన కేంద్ర కార్యక్రమం నిపుణ్ భారత్ అయినా, 2022లో మన తెలంగాణలో మొదలైన తొలిమెట్టు కార్యక్రమం అయినా చెప్పేది ప్రధానంగా ఇదే, పిల్లాడు ఉన్న చోటు నుంచి మొదలుపెట్టమని. నిపుణ్ గురి మూడో తరగతి పూర్తయ్యేలోగా చదవడం, రాయడం, లెక్కలు రావాలని. మంచిదే, కానీ అవి రాకుండానే ఆ గీత దాటి ఇప్పటికే నాలుగు, ఐదుల్లోకి వచ్చేసిన పిల్లలు మీ బడిలో ఉన్నారు కదా, లక్ష్యాల జాబితాలో ముందు వాళ్ళ పేర్లు రాయండి. ఐదు దాటి హైస్కూల్‌కి వెళ్తే అక్కడ గుణింతం చెప్పేవాళ్ళు ఉండరు.

ఇంకో సంగతి, మీ బడికి తండా నుంచో కోయగూడెం నుంచో పిల్లలు వస్తుంటే ఒకటో తరగతి లక్ష్యం వేరేగా ఉండాలి. ఇంట్లో లంబాడీయో కోయో మాట్లాడే పిల్లకి తెలుగు మొదలయ్యేదే బడిలో. ఆగస్టుకల్లా వర్ణమాల అని పెట్టుకుంటే ఆ పిల్ల మూగదానిలా కూచుంటుంది. మొదటి మూడు నెలలు మాట్లాడించడం, పాటలు, బొమ్మలు చూపించి చెప్పించడం, ఇదే లక్ష్యం అని రాయండి. వాళ్ళ మాటలు ఓ యాభై మీరు నేర్చుకోవడం కూడా లక్ష్యంగా రాసుకోవచ్చు. నేను సరదాగా అనడం లేదు, అంతకంటే బాగా పనిచేసిన లక్ష్యం నాకు తెలియదు.

తేదీలు పెట్టేటప్పుడు విద్యా శాఖ క్యాలెండర్‌తో పాటు ఊరి క్యాలెండర్ కూడా ముందు పెట్టుకోండి. విద్యాహక్కు చట్టం ప్రకారం ఒకటి నుంచి ఐదు తరగతులకి ఏడాదికి 200 పని దినాలు, 800 బోధన గంటలు. కాగితం మీద బాగానే ఉంది. మా వైపు దసరా తర్వాత పత్తి ఏరడం మొదలవుతుంది, సంక్రాంతి దాటాక మిరపకాయ కోతలు, ఆ రోజుల్లో నాలుగు, ఐదు తరగతుల ఆడపిల్లలు చెల్లినో తమ్ముణ్ణో ఎత్తుకుని ఇంట్లో ఉంటారు, లేదంటే అమ్మతో చేనుకి పోతారు. వారంలో సంత రోజు హాజరు ఎప్పుడూ తక్కువే. మార్చి నడిమి నుంచి ఒంటిపూట బడులు. వీటికి తోడు మన డ్యూటీలు, ఓటరు జాబితాలూ ఎన్నికలూ సర్వేలూ. 2024 నవంబర్‌లో ఇంటింటి సర్వేకి ఎస్జీటీలు వెళ్తే ప్రాథమిక పాఠశాలలు ఒంటిపూటే నడిచాయి కదా, అలాంటిది ఏదో ఒకటి ఏటా వస్తుంది. కాబట్టి బరువైన పనంతా జూలై నుంచి దసరా లోపు పెట్టుకోండి, ఆ తర్వాత మిగిలేది పోగొట్టుకోకుండా చూసుకోవడం. హాజరు లక్ష్యం కూడా ‘95 శాతం హాజరు’ అని కాకుండా, పత్తి రోజుల్లో ఆగిపోయే ఆ ఏడెనిమిది మంది పేర్లు నిరుటి రిజిస్టర్ చూసి సెప్టెంబర్‌లోనే రాసుకోండి. ఆ ఇళ్ళకి దసరా లోపే ఒకసారి వెళ్ళండి, కోతలు మొదలయ్యాక వెళ్తే ఇంట్లో ఎవరూ దొరకరు. చిన్నపిల్లని చూసుకోవడమే సమస్య అయితే అంగన్‌వాడీ టీచర్‌తో మాట్లాడితే కొన్ని ఇళ్ళకి తేలిపోతుంది. అన్ని ఇళ్ళకీ తేలదు, అది కూడా తెలిసే ఉండాలి.

అడ్మిషన్లు పెంచుతాం అని లక్ష్యం పెట్టమని పై నుంచి ఒత్తిడి ఉంటుంది. దీని మీద నా అభిప్రాయం కాస్త కటువుగానే ఉంటుంది. ఊళ్ళోకి ప్రైవేట్ బడి బస్సు వస్తోందా లేదా, ఊళ్ళో ఈ వయసు పిల్లలు ఎంతమంది ఉన్నారు, ఈ రెండూ మీ చేతిలో లేవు. అయిదో తరగతి గురుకుల ప్రవేశ పరీక్షకి నాలుగో తరగతి పిల్లల్ని మనమే తయారు చేస్తాం, వాళ్ళు సీటు తెచ్చుకుంటే మన ఐదో తరగతి ఖాళీ అవుతుంది, అది రిజిస్టర్‌లో తగ్గుదల, పిల్లలకి లాభం. దాన్ని నష్టంగా చూపించే ప్రణాళిక నాకు నచ్చదు. మీరు చేయగలిగింది ఒకటుంది, ఫిబ్రవరిలోనే అంగన్‌వాడీ రిజిస్టర్‌లో ఐదేళ్ళు నిండే పిల్లల పేర్లు తీసుకుని, ఆ తల్లుల్ని పిలిచి ఒకటో తరగతి పిల్లల చేత చదివించి చూపించడం. బడిబాట జూన్‌లో వచ్చేసరికి చాలామంది ఫీజు కట్టేసి ఉంటారు, అప్పుడు డప్పు కొట్టి లాభం లేదు.

డబ్బు సంగతి తొందరగా చెప్పేస్తా. సమగ్ర శిక్ష పథకం కింద బడి ఖర్చులకి ఏటా ఇచ్చే కాంపోజిట్ గ్రాంట్ 30 మంది లోపు ఉంటే 10,000, 31 నుంచి 100 లోపు అయితే 25,000, అందులో కనీసం 10 శాతం పరిశుభ్రతకి పెట్టాలి. గ్రాంట్ వచ్చినప్పుడే వస్తుంది, అందుకని చదువు లక్ష్యం ఏదీ గ్రాంట్ మీద ఆధారపడేలా రాయకండి. నీళ్ళు రాని టాయిలెట్, కారే కప్పు ఉంటే అవి అభివృద్ధి లక్ష్యాలు కావు, కనీస అవసరాలు. వాటికి అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీ (బడి మరమ్మతులు చూసే స్థానిక మహిళల కమిటీ) తీర్మానం, అర్జీ, ఎంఈఓ (మండల విద్యాధికారి) ఆఫీసు దారి వేరే ఉంది. అయితే ఆడపిల్లల టాయిలెట్ తాళం వేసి ఉందా తెరిచి ఉందా అన్నది మాత్రం రోజూ చూడండి, దానికి గ్రాంట్ అక్కర్లేదు.

ఎన్ని లక్ష్యాలు పెట్టుకోవాలంటే రెండు. చదవడం ఒకటి, లెక్కలు లేదా హాజరులో ఏది మీ బడిలో ఎక్కువ ఇబ్బందో అది ఇంకొకటి. ఫార్మాట్‌లో పదిహేను గడులు ఉంటాయి, పదిహేనూ నింపండి, కానీ మీ ఇద్దరు టీచర్ల తలలో ఉండేవి రెండే. ముఖ్యంగా ఇవి ఆ రెండో టీచర్‌తో కలిసి కూర్చుని పెట్టుకోండి. మీరు రాసి ఆయన సంతకం తీసుకుంటే, మీరు డ్యూటీ మీద వెళ్ళిన రోజు ఆ గంటన్నర ఆగిపోతుంది. ఇద్దరూ కలిసి నెలకోసారి, పిల్లలు వెళ్ళాక అరగంట ఆ నోట్‌బుక్ తీసి, ఎవరు జరిగారు, ఎవరు అక్కడే ఉన్నారు చూడండి. రెండు నెలలు వరసగా ఒకే చోట ఉన్న పిల్లాడి విషయంలో పద్ధతి మార్చండి, కళ్ళూ చెవులూ కూడా చూపించండి. బోర్డు కనపడక వెనకబడ్డ పిల్లలు మనం అనుకునేదానికంటే ఎక్కువ మంది ఉంటారు.

తల్లిదండ్రులకి మీటింగ్‌లో లక్ష్యాలు చదివి వినిపించకండి, ఎవరూ వినరు. విడిగా ఒక్కొక్కరికీ ‘మీ అమ్మాయి ఇప్పుడు ఈ పేజీ చదవగలదు, సంక్రాంతికి ఈ పేజీ చదవాలి’ అని రెండు పేజీలూ చూపించండి. చదువు రాని తల్లికి కూడా అది అర్థమవుతుంది, సంక్రాంతికి ఆవిడే వచ్చి అడుగుతుంది.

ఇక ఫైలు. విద్యాహక్కు చట్టంలో సెక్షన్ 22 ప్రకారం ఈ ప్రణాళిక తయారు చేయాల్సింది పాఠశాల యాజమాన్య కమిటీ, అందులో 75 శాతం తల్లిదండ్రులు, సగం మంది మహిళలు ఉండాలి. జరిగేది ఏమిటంటే హెచ్‌ఎం రాత్రి కూచుని రాయడం, పొద్దున చైర్మన్ సంతకం పొలం గట్టు మీద తీసుకోవడం. మీరు కనీసం ఒక్క సాయంత్రం, పనుల నుంచి వచ్చాక ఏడింటికి, ఓ అరడజను మంది తల్లుల్ని కూచోబెట్టి ‘మీ పిల్లలకి ఈ ఏడు ఏం రావాలి’ అని అడగండి. వాళ్ళు చెప్పింది వాళ్ళ మాటల్లోనే మినిట్స్ బుక్‌లో రాయించండి. శాతం గడి ఖాళీగా వదిలితే ఫైలు తిప్పి పంపుతారు, అందుకని నోట్‌బుక్‌లో పేర్లు లెక్కపెట్టి ఆ అంకె వేసేయండి, మీ మూడో తరగతిలో 9 మందికి ఆరుగురు అయితే 67 అని రాయండి. ఇన్‌స్పెక్షన్‌కి వచ్చిన సార్ ఎలా తెలుసు అని అడిగితే నోట్‌బుక్ ఇచ్చి, ఆ ఆరుగురిలో ఎవర్నైనా పిలిచి చదివించుకోమనండి. ఏప్రిల్‌లో ఆ నోట్‌బుక్ ఇంటికి తీసుకుపోకండి, అడ్మిషన్ రిజిస్టర్‌తో పాటు బీరువాలో పెట్టండి. మీకు బదిలీ అయినా, మీ తోటి టీచర్‌కి డిప్యుటేషన్ పడినా, జూన్‌లో వచ్చేవాళ్ళు మళ్ళీ మొదటినుంచి చూసుకోవాల్సిన పని ఉండదు. మీకు వీలైతే జూలైలో పిల్లల్ని చదివించి చూశాక మళ్ళీ రాయండి, ఏ తరగతిలో ఎంతమంది ఎక్కడ ఆగారో చెప్తే గుంపులు ఎలా విడగొట్టాలో కలిసి చూద్దాం.