ఎలుకలపై ప్రయోగాలు చేయనంటే మందుల పరిశోధన వదులుకోవాలా?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ బైపీసీ పూర్తిచేసింది. మందుల పరిశోధనలోకి వెళ్లాలని పట్టుదల. కానీ ఎలుకలు, కుందేళ్ల మీద ప్రయోగాలు తన వల్ల కాదంటోంది. ‘అలాగైతే సైన్స్ ఎందుకు, బీఈడీ చేయించండి’ అంటున్నారు చుట్టాలు. ఏం చేయమంటారు?
– ఒక తండ్రి, జడ్చర్ల

జవాబు: అమ్మాయి మాటను పిరికితనం కింద కొట్టిపారేయకండి. జంతువులు లేకుండా మందులు పరీక్షించే దారిని పెద్ద పెద్ద పరిశోధకులే వెతుకుతున్నారు. జంతువుల్లో పరీక్షించి మనుషుల ట్రయల్స్ దాకా తెచ్చిన ప్రతి 10 మందుల్లో దాదాపు 9 ఆమోదం పొందడం లేదు. ఎలుక శరీరం చెప్పే జవాబు మనిషికి అన్నిసార్లూ సరిపోదు.

ఇంజెక్షన్ల సంగతే చూడండి. అందులో జ్వరం తెప్పించే మలినాలున్నాయేమో తెలుసుకోవడానికి ఒకప్పుడు కుందేళ్లకు ఎక్కించి, వాటికి జ్వరం వస్తుందా అని చూసేవారు. తర్వాత గుర్రపునాడా పీత రక్తంతో పరీక్షనాళికలోనే తేల్చే పద్ధతి వచ్చింది. ఇప్పుడు ఆ పీత అవసరం కూడా లేకుండా ల్యాబ్‌లో తయారైన ప్రోటీన్ వాడుతున్నారు. రకరకాల కణాలుగా మారగల మూలకణాల నుంచి బుల్లి కాలేయం, పేగు లాంటి ఆర్గనాయిడ్లు పెంచుతున్నారు. మనిషి కణాలను చిప్‌లో ఉంచి, సన్నని దారుల్లో ద్రవం పారించి మందు ప్రభావం చూస్తున్నారు. మన దేశం 2023లో కొత్త మందుల నిబంధనలు సవరించి ఇలాంటి పద్ధతులకు చోటిచ్చింది.

ఒక మాట మాత్రం దాచను. జంతు ప్రయోగాలు ఇంకా ఆగలేదు. మందు ఒళ్లంతా ఎలా తిరుగుతుందో చిప్ పూర్తిగా చూపలేకపోతోంది. బీఫార్మసీ తర్వాత ఎంఫార్మసీలో ఫార్మకాలజీ (మందులు శరీరం మీద ఎలా పనిచేస్తాయో చదివే బ్రాంచి) తీసుకుంటే జంతువులతో పని తగలొచ్చు. కాబట్టి ఆ బ్రాంచి వద్దు.

నా ఓటు బయోటెక్నాలజీ లేదా బయోకెమిస్ట్రీ ఉన్న బీఎస్సీకే. మహబూబ్‌నగర్‌లో మంచి కాలేజీ దొరికితే డిగ్రీ అక్కడే చేయించండి, హాస్టల్ ఖర్చు మిగులుతుంది. ఆ తర్వాత ఐఐటీ జామ్, గాట్-బీ అనే ప్రవేశ పరీక్షలు రాసి ఎమ్మెస్సీకి వెళ్లొచ్చు. బైపీసీ పిల్లలు ఇక్కడ తడబడేది లెక్కల దగ్గర. ఒక రసాయనం విషమవుతుందో లేదో కంప్యూటర్‌తో అంచనా వేయడం కూడా ఈ రంగంలో పెద్ద భాగం. అందుకే స్టాటిస్టిక్స్, పైథాన్ అనే కంప్యూటర్ ప్రోగ్రామింగ్ భాష మొదటి ఏడాది నుంచే నేర్చుకోవాలి. ఇందులో రాజీ పడొద్దు.

ఉద్యోగాల విషయానికొస్తే, మీ పక్కనున్న పోలేపల్లి సెజ్‌లో ఎక్కువగా మందుల తయారీ, క్వాలిటీ పనులే. ఈ పరిశోధన కావాలంటే బయోటెక్ పరిశోధన సంస్థలుండే హైదరాబాద్ జీనోమ్ వ్యాలీ వైపు చూడాలి. హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీకి చెందిన, స్టార్టప్‌లకు చేయూతనిచ్చే ఇంక్యుబేషన్ కేంద్రం కూడా మనిషి కణాల నమూనాల మీద పని చేస్తోంది. సొంతంగా పరిశోధన నడపాలంటే పీహెచ్‌డీ తప్పదు. అంటే డిగ్రీతో కలిపి పదేళ్ల దాకా చదువు. ఇది ఇంట్లో ముందే మాట్లాడుకోండి, మధ్యలో పెళ్లి టెన్షన్ పెట్టకండి.

డిగ్రీ సీట్ల ఆన్‌లైన్ ప్రవేశాల దోస్త్‌లో ఆప్షన్లు పెట్టేముందు అమ్మాయిని వెంటబెట్టుకుని రెండు మూడు కాలేజీలకు వెళ్లండి. కణాలు పెంచే ల్యాబ్ ఉందా, విద్యార్థులను అందులో పని చేయనిస్తారా అని సీనియర్లను అడగమనండి.