ముందు వాళ్ల క్యాలెండర్లు తెరిపించండి

ప్రశ్న: మేడమ్, నేను విశాఖ మధురవాడలో ఒక సాఫ్ట్‌వేర్ సంస్థ శిక్షణ విభాగంలో పనిచేస్తున్నాను. మా 30 మంది ప్రాజెక్ట్ మేనేజర్లకు టైమ్ మేనేజ్‌మెంట్ మీద ఆన్‌లైన్ కోర్సు తయారుచేయమన్నారు. ఒకే రోజు, ఆరు గంటలు, చివర్లో సర్టిఫికెట్ అన్నది పైవాళ్ల ఆలోచన. వీళ్లకేమో భోజనానికే తీరిక ఉండదు. ఎక్కడ మొదలుపెట్టను?
– ఒక పాఠకురాలు

జవాబు: ఆ ఆరు గంటలకు ఒప్పుకోకండి. నేను ఒకసారి ఒప్పుకున్నాను. పన్నెండేళ్లు ప్రాజెక్టులు నడిపి శిక్షణలోకి వచ్చిన కొత్తలో 40 మందికి ఒకే రోజు 110 స్లైడ్లు చూపించాను. మధ్యాహ్నం మూడయ్యేసరికి కెమెరాలన్నీ ఆఫ్. ఒకాయన మ్యూట్ చేయడం మరిచిపోయి క్లయింటుకు రిలీజ్ తేదీ గురించి సర్దిచెబుతుంటే అందరం విన్నాం. ఆయన్ని తప్పుపట్టలేకపోయాను. ఆయనకు ఆ రోజు దొరకనిది సమయం. ఉన్న కాస్తా నేను లాక్కున్నాను.

కోర్సు రాయకముందే ఓ ఐదుగురి పక్కన కూర్చుని గడిచిన రెండు వారాల క్యాలెండర్లు తెరిపించండి. సర్వే ఫారాలు వద్దు, వాటిలో అందరూ మంచి జవాబులే రాస్తారు. ప్రతి మీటింగ్ దగ్గరా ఒకటే అడగండి: "ఇందులో మీరు లేకపోతే ఏం ఆగేది?" గచ్చిబౌలిలో నేనిలా అడిగినప్పుడు ఒకావిడ చాలాసేపు మాట్లాడలేదు. రోజు మొత్తంలో ఆవిడకు ఎవరూ పిలవని సమయం 11 నుంచి 12 దాకా ఒక్క గంటే. మీకూ అలాంటి గంటలు కనిపిస్తాయి. దయచేసి వాటిలో మాత్రం మీ క్లాసు పెట్టకండి.

ఇక పాఠం. పనులను అర్జెంటు, ముఖ్యం అంటూ నాలుగు గళ్లలో విడదీయించడం వాళ్లకు పెద్దగా పనికిరాదు. వచ్చే ప్రతి మెయిలూ అర్జెంటే కదా. వీళ్ల సమయం ఎక్కువగా కారిపోయేది అంచనాల దగ్గర. ఎన్నిసార్లు దెబ్బతిన్నా మనిషి తన పనికి పట్టే కాలాన్ని తక్కువగానే ఊహిస్తాడని మనస్తత్వ శాస్త్రవేత్తలు కానెమన్, ట్వెర్‌స్కీ 1979లోనే రాశారు. అందుకే సగం కోర్సు దీనికే ఇవ్వండి. ఎవరి పాత ప్లాన్ వాళ్లనే తెచ్చుకోమనండి: అనుకున్నదెంత, పట్టిందెంత? ఆ తర్వాత మూడు అంచనాలు కలిపి ఒకటి తేల్చే పెర్ట్ లెక్క చేయించండి. 1950ల చివర అమెరికా నౌకాదళం పొలారిస్ క్షిపణి పనికి వాడిన పద్ధతి అది. టెస్టింగ్‌కు అన్నీ కలిసొస్తే 4 రోజులు, మామూలుగా 6, బాగా చెడితే 14 అనుకోండి. మామూలు అంకెను నాలుగుతో గుణించి, మిగతా రెండూ కలిపి, ఆరుతో భాగిస్తే 7. నోటికొచ్చిన ఆరుకూ ఈ ఏడుకూ మధ్య ఉన్న ఆ ఒక్క రోజే శనివారం ఆఫీసుకు రప్పించేది. సొంత ప్రాజెక్టు అంకెలతో చేసినప్పుడు ఇది మనసుకు పడుతుంది.

వారానికి 35 నిమిషాలు, ఆరు వారాలు చాలు. ఒక్కసారి విన్నది ఎంత త్వరగా జారిపోతుందో జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త ఎబింగ్‌హాస్ 1885లోనే తన మీద తనే ప్రయోగం చేసుకుని చూపించాడు. ఏ వారానికావారం గుర్తుచేసే చిన్న పని ఒకటి పెట్టండి. ఈ వారం ఒక మీటింగుకు మీ బదులు టీమ్ లీడ్‌ను పంపండి, అలాంటిది.

క్లయింట్లు అమెరికాలో ఉంటే నవంబర్‌లోకి సాగేలా బ్యాచ్ వేయకండి. న్యూయార్క్ ఉదయం 9 గంటల కాల్ మనకు అప్పటిదాకా సాయంత్రం 6.30కు ఉంటుంది, నవంబర్ మొదటి ఆదివారం గడియారాలు మారాక 7.30 అవుతుంది. నా బ్యాచ్ ఒకటి సరిగ్గా అక్కడే చెదిరింది.

సర్టిఫికెట్ ఇస్తే ఇవ్వండి గానీ దాన్ని ఫలితం అనుకోకండి. రెండు నెలల తర్వాత అవే క్యాలెండర్లు మళ్లీ తెరిపించి, ఎన్ని మీటింగులు తగ్గాయో లెక్కపెట్టండి.

పైవాళ్లను ఒప్పించడానికి ఆ ఐదు క్యాలెండర్లే చూపించండి, పేర్లు చెరిపేశాకే సుమా. అప్పటికీ కాదంటే ఎనిమిది మందితో ఒక్క బ్యాచ్‌కు అనుమతి అడగండి.